ఆట ఎక్కడ ఆగుతోంది?

ఆదివారం సాయంత్రం ఏడు గంటలు. పాలు వేడిచేద్దామని ఓవెన్ మీట నొక్కానో లేదో, లోపలి గదిలోంచి ఒకటే కేక. "అమ్మా! నేను చచ్చిపోయిన!"

చేతిలో గరిటెతోనే పరుగెత్తాను. తల్లి ప్రాణం కదా! తీరా చూస్తే మా పుత్రరత్నం కుర్చీలో నిక్షేపంగా కూర్చుని, కంప్యూటర్ తెర మీద నేలకూలిన బొమ్మను చూపిస్తున్నాడు. "నువ్వు ఓవెన్ వేసినప్పుడల్లా గిట్లనే అయితది. నేను కాల్చేలోపలే వాడు నన్ను కాల్చేస్తుండు" అన్నాడు ఏడుపు గొంతుతో.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఆట చేతగాక నా ఓవెన్ మీద పడ్డాడనుకున్నాను. వాడు ఈ ఆటకు కొత్త. పదో తరగతి పరీక్షలు అయ్యాక మొదలుపెట్టాడు. అయిదుగురు ఒక జట్టు, ఎదుట మరో అయిదుగురు, ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని నెట్‌లో ఆడుకుంటారు. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినప్పుడు మా కాలనీ తల్లులమంతా హమ్మయ్య అనుకున్నాం. 2021 జూలైలో అదే ఆట మరో పేరుతో తిరిగొచ్చింది. అప్పుడే నాకు అర్థమైంది, ఈ ఆటలు మన ఇళ్ళు వదిలి పోవని. పోనివాటి సంగతి మనమూ కాస్త తెలుసుకుంటే తప్పేముంది?

మా ఇల్లు పటాన్‌చెరు దాటాక, ఇస్నాపూర్‌కు దగ్గర. మావారికి పాశమైలారంలో షిఫ్టు ఉద్యోగం. నెలాఖరుకి ప్రతి వంద రూపాయల నోటుకూ మా ఇంట్లో ఒక పేరుంటుంది. అలాంటిది, పిల్లవాడు పెద్ద ప్లాన్ తీసుకోమని గొడవ. కనెక్షన్ ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేస్తే ఒక కుర్రాడు వచ్చాడు. గుమ్మంలోనే "సార్ లేరా మేడం?" అన్నాడు. లేరన్నాను. "సార్ వచ్చినంక చెప్తా లెండి. మీరు డబుల్ స్పీడ్ ప్లాన్ తీస్కోండ్రి, ల్యాగ్ పోతది" అని చెప్పి వెళ్ళిపోయాడు. రూటర్ ఎక్కడుందో కూడా చూడలేదు!

ఆ "సార్ లేరా" నాకు ముల్లులా గుచ్చుకుంది. నేను డిగ్రీ చదివాను. ఈ ఇంట్లో గ్యాస్ పొయ్యి మంట ఎర్రగా వస్తే కారణం కనిపెట్టేది నేను. మోటారు నీళ్ళు ఎక్కించకపోతే ఎక్కడ గాలి పట్టిందో చూసేదీ నేనే. మరి ఇదొక్కటి నాకెందుకు తెలియకూడదు? మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. తను ఇంటర్ రెండో సంవత్సరం.

ముందుగా తెలిసింది ఏమిటంటే, స్పీడు వేరు, ఆలస్యం వేరు. మన 65వ నంబరు జాతీయ రహదారినే తీసుకోండి. రోడ్డును ఎంత వెడల్పు చేసినా పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య దూరం తగ్గదు కదా. ఒకేసారి ఎక్కువ బండ్లు పడతాయంతే. ప్లాన్‌లో ఇచ్చే స్పీడు ఆ రోడ్డు వెడల్పు లాంటిది. ఆటకు కావలసింది వేరు. మన మాట అవతలికి చేరి, జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందన్నది ముఖ్యం. దాన్నే పింగ్ అంటారు. సెకనులో వెయ్యో వంతును మిల్లీసెకను అంటారు, పింగ్‌ను ఆ లెక్కలో కొలుస్తారు. యాభైలోపు ఉంటే ఆట సాఫీగా సాగుతుంది. వంద దాటితే చేతికీ తెరకూ పొంతన కుదరదు. అంకె ఒకసారి ముప్పై, ఒకసారి మూడొందలు అని గెంతుతుంటే మరీ కష్టం. ఆటకు పెద్ద రోడ్డు అక్కర్లేదు, చిన్న సందు చాలు. కానీ ఆ సందులో అడ్డం ఉండకూడదు.

పింగ్ చూసే ఉపాయాన్ని మైక్ మూస్ అనే ఆయన 1983 డిసెంబరులో రాశాడట. సముద్రంలో ఓడలు శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి దూరం లెక్కగడతాయి. ఆ శబ్దం పేరే దీనికి పెట్టాడు. విండోస్ కంప్యూటర్‌లో సీఎండీ అని వెతికితే ఒక నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, రూటర్ వెనక అంటించిన చీటీ మీది నంబరు కొట్టాలి. మాది 192.168.1.1. అది మన ఇంట్లోని దూరం. తర్వాత 8.8.8.8 కొట్టాలి. అది బయటి ప్రపంచం దూరం. ఇంట్లో అంకె బాగుండి బయట పెరిగితే లోపం బయట. ఇంట్లోనే పెరిగితే లోపం మన గోడల మధ్యనే. ఇంత సులువు!

కూర చేదెక్కితే మనమేం చేస్తాం? ఉప్పు, కారం, చింతపండు అన్నీ ఒక్కసారే మార్చం కదా. ఒక్కొక్కటే రుచి చూస్తాం. నెట్ విషయంలోనూ అదే పద్ధతి. ఒకసారికి ఒకటే మార్చాలి, అంకె రాసుకోవాలి.

మొదట ఓవెన్ సంగతి చూశాం. అమ్మాయి అంకెలు చూస్తుంటే నేను ఓవెన్ వేశాను. రూటర్ నుంచి నాలుగు మిల్లీసెకన్లలో వస్తున్న జవాబు రెండు వందలకు ఎగిరింది. ఆపితే మళ్ళీ నాలుగు! పిల్లవాడు అబద్ధం చెప్పలేదు. ఓవెన్ పనిచేసే తరంగాలూ, మన వైఫై పాత దారీ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటాయట. ఓవెన్‌లోంచి బయటికి వచ్చేది మన ఒంటికి భయపడాల్సినంత కాదు గానీ, సన్నని వైఫై సంకేతానికి అదే పెద్ద గోల. పైగా మా రూటర్ వంటింటి గోడకు, ఇనప బీరువా వెనక ఉంది. దాన్ని హాల్లోకి, ఎత్తు మీదికి మార్చాం. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ అని రెండో దారి ఉంటే ఫోన్లను దానికి కలపవచ్చు. దానికి ఓవెన్ బాధ లేదు. కాకపోతే గోడలు దాటే శక్తి తక్కువ, దగ్గరలో ఉన్నవాటికే బాగుంటుంది. కంప్యూటర్‌కు మాత్రం వైరు వేశాం. ఆ నెట్ వైరు వంద మీటర్ల దాకా పనిచేస్తుంది, మాకు పదిహేను మీటర్లు సరిపోయింది. నెలనెలా పెరిగే ప్లాన్ డబ్బుతో పోలిస్తే ఒక్కసారి పెట్టే ఆ ఖర్చు ఎంత!

రెండోది దూరం. డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకుతో ఆడాలని మావాడు అమెరికా సర్వర్ ఎంచుకుని, మార్చడం మరిచిపోయాడు. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి అమెరికా 13 వేల కిలోమీటర్ల పైమాటే. అంటే రానూపోనూ కనీసం 130 మిల్లీసెకన్లు. ఏ కంపెనీ ఎంత డబ్బు తీసుకున్నా దీన్ని తగ్గించలేదు. ముంబయి సర్వర్ ఉంటే అది, లేకపోతే సింగపూర్ ఎంచుకోవాలి. ల్యాగ్ పోగొడతామని ఊరించే ఉచిత యాప్‌ల జోలికి మాత్రం పోకండి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట!

మూడోది క్యూ. మావారి ఫోన్ పెళ్ళి ఫోటోలు, వీడియోలు నెట్‌లో దాచుకుంటున్నంతసేపూ అంకెలు ఎగిరిపడ్డాయి. షిఫ్టు వదిలే వేళ ఇస్నాపూర్ చౌరస్తా చూశారుగా! లారీల బారు వెనక ఆటో ఇరుక్కుంటే, ఆటో ఎంత చిన్నదైనా కదలదు. పెద్ద ఫైళ్ళు పైకి వెళ్తుంటే రూటర్‌లోనూ అలాగే బారు పెరిగి, ఆట పంపే చిన్న కబురు వెనక నిలబడిపోతుంది. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంటి నెట్‌లోనే ఈ జబ్బు గమనించి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. కొన్ని రూటర్లలో క్యూఓఎస్ అనే ఏర్పాటు ఉంటుంది, అది ఆటోకు ముందు దారి ఇస్తుంది. మాదాంట్లో లేదు. అందుకని ఫోటోలు దాచే పనిని రాత్రి పన్నెండు తర్వాతకు మార్చాం.

ఇంతవరకూ ఆట కథ. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను.

ఈ పరీక్షలన్నీ చేస్తూ అంకెలు రాస్తున్నప్పుడు అమ్మాయి మెల్లగా అంది. "అమ్మా, నా సాయంత్రం క్లాసులో కూడా సార్ గొంతు తెగితెగి వస్తది. నెల దాటింది."

"మరి చెప్పలేదేం?"

"తమ్ముడు ఇప్పటికే మొత్తుకుంటున్నడు కదా. నేను వీడియో బంద్ చేసి, విన్నకాడికి రాసుకుంటున్న. తెలియనివి మరునాడు దోస్తుల దగ్గర చూసుకుంటున్న."

నా చేతిలో కలం ఆగిపోయింది. ఒకే ఇల్లు, ఒకే రూటర్, ఒకే ఓవెన్. కొడుకు బొమ్మ చచ్చిపోతే గరిటెతో పరుగెత్తాను. కూతురి పాఠం నెలరోజులు తెగిపోతుంటే నాకు వినపడనే లేదు. ఎందుకంటే వాడు అరిచాడు, తను సర్దుకుంది. సర్దుకోవడం నేనే నేర్పాను మరి. కూర తక్కువైతే నేను పచ్చడితో తినడం తను చిన్నప్పటి నుంచీ చూస్తోంది కదా!

రాడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ పేరు మనలో ఎందరికి తెలుసు? వైరు నెట్‌వర్కుల్లో కబుర్లు దారి తప్పి గిరగిరా తిరగకుండా ఉండే పద్ధతిని 1985లో రూపొందించింది ఆవిడే. నేటికీ పెద్ద పెద్ద ఆఫీసుల నెట్‌వర్కుల వెనక ఆ ఆలోచన ఉంది. ఈ పని మగవాళ్ళదని ఎవరన్నారు? మా ఇంటి లోపం పట్టుకున్నదీ పదిహేడేళ్ళ ఆడపిల్లే.

వారంపాటు రాసిన కాగితం దగ్గర పెట్టుకుని మళ్ళీ ఫోన్ చేశాను. "ఇంట్లో రూటర్‌కు రెండు మిల్లీసెకన్లు. బయటికి పగలు ముప్పై. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా వంద దాటుతోంది, నాలుగు కబుర్లలో ఒకటి తిరిగి రావడం లేదు. తేదీలు, టైములు ఉన్నాయి, రాసుకోండి" అన్నాను. ఈసారి సార్ ఉన్నారా అని అడగలేదు! మరునాడు ఇద్దరు వచ్చారు. స్తంభం దగ్గర మెలితిరిగిన తీగను సరిచేశారు, లైను మార్చి ఇచ్చారు. గాజు తీగ బాగా వంగితే లోపలి వెలుగు కారిపోతుందని వాళ్ళే చెప్పారు. ప్లాన్ మాత్రం పాతదే.

ఇప్పుడు సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర అమ్మాయి క్లాసు. కంప్యూటర్, వైరు తనవి. ఆ తర్వాత గంటన్నర తమ్ముడి ఆట. నెట్ బాగుపడిందని ఆటకు హద్దు లేకుండా పోకూడదు. 2023 మేలో బీజీఎంఐ తిరిగి వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు రోజుకు మూడు గంటలని వాళ్ళే గీత గీశారు. మన గీత మనమూ గీసుకోవద్దూ? డబ్బు పెట్టి ఆడే ఆటలనైతే గుమ్మంలోకే రానివ్వకండి. వాటిని నిషేధిస్తూ 2025 ఆగస్టులో చట్టమే వచ్చింది.

మావాడు ఇంకా ఓడిపోతూనే ఉన్నాడు. మద్దెల బాగైంది కాబట్టి ఇక ఆట నేర్చుకోక తప్పదు. ఓడినా మునుపటి అరుపులు లేవు. తప్పు తనదేనని అంకె చెబుతోంది మరి!

అక్కచెల్లెళ్ళూ, మీ ఇంట్లో నెట్ ఆగిపోతోందని ఎవరైనా అరిస్తే పెద్ద ప్లాన్‌కు పరుగెత్తకండి. ముందు ఎక్కడ ఆగుతోందో కొలవండి. కొలిచేటప్పుడు అరవకుండా ఓ మూల కూర్చున్నవాళ్ళను కూడా అడగండి, "నీకు సరిగా వినపడుతోందా అమ్మా?" అని.