వేలములో కొన్న బాలుని యెచ్చటికి పంపవలెను?

హైదరాబాదు పేరు ధరించిన హాకీజట్టొకటి గలదు. 2013లో ఆరంభమై 2017లో ఆగిపోయిన హాకీ ఇండియా లీగు 2024 డిసెంబరులో పునరుద్ధరింపబడినప్పుడు హైదరాబాదు తూఫాన్సు అను పేర ఈ జట్టు రంగమునకు వచ్చెను. 2025 ఫిబ్రవరి 1వ తేదీన రూర్కెలాలో జరిగిన తుదిపోటీలో బెంగాలుజట్టుచేత 4-3 గోలులతో ఓడి ద్వితీయస్థానము నందెను. ఓటమి గౌరవప్రదమైనదే. అయితే ఈ జట్టు లీగుపోటీ ఆడుట నగరవాసి తన నగరములో చూచి యెరుగడు. మొదటి ఋతువు పోటీలు రూర్కెలా రాంచీలలోను, 2026 జనవరిలోని పురుషుల పోటీలు చెన్నై, రాంచీ, భువనేశ్వరములలోను జరిగినవి. పేరు మనది, మైదానము పరులది. తొలి వేలములో కొన్నవారి పేళ్లు చదివినను ఇట్లే యున్నది. సుమిత్ హర్యానావాడు, నీలకంఠశర్మ మణిపురమువాడు, శిలానంద లక్రా ఒడిశావాడు, 68 లక్షల రూపాయలకు కొనబడిన గొంజాలో పెయిలాట్ అర్జెంటీనాలో పుట్టి జర్మనీ పక్షమున ఆడినవాడు. వీరిలో ఎవ్వరియందును మాకు అసూయ లేదు. మన పిల్లవాని గతి యేమి యనునదే మా ప్రశ్న.

లీగు తొలి వేలమునాటి నియమములను చూడుడు. జట్టునకు 24 మంది. అందు 8 మంది విదేశీయులు, 16 మంది భారతీయులు. ఈ పదునారుగురిలో నలుగురైనను జూనియర్లు కావలెను. కనీసపు ధర యెవరి తరగతిని బట్టి వారికి 2 లక్షలు, 5 లక్షలు, 10 లక్షలు. ఆ నలుగురిలో ఒక తెలుగు బాలుడున్నాడని యూహింతము. పదునెనిమిదేండ్లవాడు, ధర్మవరమువాడో, కాకినాడవాడో, సికిందరాబాదువాడో. తండ్రికి రెండెకరముల మెట్ట. వేలములో పేరు పలికిన దినమున ఊరిలో పూలమాలలు వేసిరి, ఫ్లెక్సీలు కట్టిరి. మరునాడు తండ్రి అడుగు ప్రశ్న యొక్కటే: "వీనిని ఇకమీదట ఎచ్చట నుంచవలెను?" ఈ ప్రశ్నకు మన రెండు రాష్ట్రములలోను సూటిగా సమాధానము చెప్పు కార్యాలయము మాకు కానవచ్చుటలేదు. కావున మేమే చెప్ప సాహసించుచున్నాము.

మొదట ఒక భ్రమను తొలగింపవలెను. వేలములో కొనబడుట విద్య ముగియుట కాదు. సరిగా చెప్పవలెనన్న విద్య ఆరంభమగుట కూడ కాదు. లీగు మొదటి ఋతువు 2024 డిసెంబరు 28 మొదలు 2025 ఫిబ్రవరి 1 వరకు, అనగా అయిదు వారములు మాత్రమే నడచినది. మైదానమున ఒక్కసారి నిలుచువారు పదునొకండుగురు. యజమాని 68 లక్షలిచ్చి తెచ్చుకొన్నవానిని కూర్చుండబెట్టి 2 లక్షల బాలునిచేత ఆడించునా? పెద్ద ఆటగాండ్ర చెంత నుండుట, వారి అభ్యాసమును కన్నులార చూచుట లాభమే, కాదనము. కాని సంవత్సరమునకు 52 వారములు. తక్కిన 47 వారములు వాడెచ్చట నుండును, ఎవరితో ఆడును అనుదానిమీదనే వాని భవిష్యత్తు ఆధారపడియున్నది.

ఇంటివద్దనే యుంచుదమనువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. హైదరాబాదునకు హాకీ కొత్త కాదు. ఈ నగరమునుండియే ముకేశ్ కుమార్ బయలుదేరి 1992, 1996, 2000 సంవత్సరముల ఒలింపిక్కులు మూడింటను ఆడి, 1998లో బ్యాంకాకు ఏషియా క్రీడలలో స్వర్ణమును తెచ్చిన జట్టులో నుండెను. మాదాపూరు చెంతనున్న గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడలకై కట్టిన హాకీ మైదానము గలదు. 2005 జనవరి ఫిబ్రవరి మాసములలో ప్రీమియర్ హాకీ లీగు మొదటి పోటీలు ఆ మైదానముననే జరుగగా హైదరాబాదు సుల్తాన్సు విజేతలైరి. అప్పుడు నగరమే దేశమునకు హాకీరంగమై వెలసినది! ఇరువదియేండ్లు గడచెను. హైదరాబాదు పేరిటి జట్టు నేడు ఒడిశాలో ఆడుచున్నది. ఈ మధ్యకాలమున మాదాపూరు గుట్టలమీద గాజుమేడలు లేచినవి, గజము భూమి ధర వినిన గుండె ఝల్లుమనుచున్నది. హాకీ కర్ర పట్టిన పిల్లలు మాత్రము ఆ వేగమున పెరుగలేదు.

కారణము కనుగొనుట కష్టము కాదు. 1976లో మాంట్రియాలు ఒలింపిక్కులలో హాకీని మొదటిసారి కృత్రిమ పచ్చికమీద ఆడించిరి. మన దేశము ఏడవస్థానమునకు పడిపోయెను. అది మొదలు మట్టినేలమీద నేర్చిన విద్యకు విలువ తగ్గినది. టర్ఫుమీద బంతి వేగము వేరు, నడుము వంగుట వేరు, ఊపిరి వేరు. ఒక్క మైదానము వేయుటకు చుట్టు ఖాళీతో కూడ సుమారు ఎకరమున్నర నేల చాలును; కాని దానిని తడుపుటకు నీరు, అరిగినప్పుడు మార్చుటకు కోట్లు కావలెను. (వేసవిలో ట్యాంకరుకై బారులు తీరు మాదాపూరు అపార్టుమెంటువారికి నీటి సంగతి మేము చెప్పనక్కరలేదు.) టర్ఫు మాత్రమే యున్న చాలదు. కాకినాడలో 2023 ఫిబ్రవరిలో జాతీయ మహిళా హాకీ పోటీలు జరుపగలిగితిమి. వచ్చిన జట్లు ఆడి వెళ్లిపోయిన పిమ్మట అచ్చట వారము వారము ఎవరు ఎవరితో ఆడుచున్నారు? పోటీ యనునది దినచర్య కావలెనుగాని తిరునాళ్ల కారాదు.

మరియొక చిక్కు 2025లో వచ్చినది. జాతీయ పోటీలను హాకీ ఇండియావారు ఏ, బి, సి అను మూడు తరగతులుగా విభజించి, గెలిచినవారిని పైకిని ఓడినవారిని క్రిందికిని పంపు పద్ధతి పెట్టిరి. ఆ యేట ఝాన్సీలో పురుషుల పైతరగతి తుదిపోటీలో పంజాబు మధ్యప్రదేశమును ఓడించెను. పద్ధతి న్యాయమైనదే. కాని క్రిందితరగతిలో నున్న రాష్ట్రపు బాలుడు క్రిందితరగతివారితోనే ఆడవలసియుండును. వాడు రెండేండ్లు నాలుగైదు గోలుల తేడాతో గెలిచి, వర్తమానపత్రికలలో ఫొటో వేయించుకొని, మూడవయేట పంజాబు డిఫెండరొకడు ఎదురైనప్పుడు బంతిని పోగొట్టుకొని నిలువబడును. ఇది రాష్ట్రాభిమానమునకు మనము బాలునిచేత చెల్లింపజేయు సుంకము. మేమెంత ఆంధ్రాభిమానులమైనను ఈ సుంకమును సమర్థింపజాలము.

కావున మా అభిప్రాయము స్పష్టము. ఈ బాలుడు ఇరువదియేండ్లు నిండువరకు ఒడిశాకు పోవలెను. ఒడిశాలో సుందరగఢ జిల్లా గ్రామములలో పెండ్లి పండుగలకు సైతము హాకీపోటీలు పెట్టుకొను అలవాటు గలదు. హాకీ ఇండియా అధ్యక్షుడు దిలీప్ తిర్కీ ఆ జిల్లావాడే, అమిత్ రోహిదాసు ఆ జిల్లావాడే. రూర్కెలాలో పాన్‌పోష్ క్రీడావసతిగృహము చిరకాలమునుండి యున్నది, ఉక్కు కర్మాగారమువారి హాకీ శిక్షణాలయమున్నది, 2023లో ప్రపంచ కప్పునకై కట్టిన బిర్సా ముండా మైదానమున్నది. భువనేశ్వరములో నవల్ టాటా అకాడమీ యున్నది. 2018నుండి భారత జాతీయ జట్లకు ఆ రాష్ట్ర ప్రభుత్వమే పోషకురాలు. ఇచ్ఛాపురము దాటిన ఒడిశాయే. అది పరదేశము కాదు. అచ్చట మన బాలుడు ఉదయము లేచి తనకంటె బలవంతులైన పదిమందిని చూచును. సాయంకాలము వారితో ఆడి ఓడును. ఆ ఓటమి వానికి కావలసిన ఆహారము. ఆవకాయ జాడీ యెచ్చటికైనను పంపవచ్చును.

హాలెండు, జర్మనీ క్లబ్బులకు పంపిన మేలుగదా యని ఆంగ్లవిద్యావంతులగు మిత్రులు అడుగుదురు. మేలే, కాని ఇరువది దాటిన పిమ్మట. భాషరాక, తోడులేక, చలిలో ఒంటరిగా పడియుండు పదునెనిమిదేండ్లవానికి అది అకాలము. ఇక రైల్వేవారు పిలిచినంతనే ఉద్యోగములో చేరవలెనని తల్లిదండ్రులు తొందరపడుదురు. వారిని నిందింపజాలము, రెండెకరముల మెట్టవానికి నెలజీతము దైవము. పూర్వము హాకీకి అన్నము పెట్టినవి ఇట్టి శాఖలే. అయినను సంస్థలు శాశ్వతములు కావు. ముకేశ్‌నకు ఉద్యోగమిచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్సు 2007లో ఎయిరిండియాలో కలిసిపోయెను, ఎయిరిండియా 2022లో టాటావారి వశమాయెను. రెండేండ్లు ఆగి, చేతిలో విద్యతో చేరినచో ఉద్యోగమును దొరకును, ఉద్యోగములో పైమెట్టును దొరకును.

ఇచ్చట ఒక మినహాయింపు చెప్పుట అవసరము. బాలుడు గోలుకీపరైనచో లెక్క మారును. తక్కిన ఆటగాండ్రను పోటీ నడుచుచుండగనే మార్చి మార్చి దింపుదురు. నాలుగవ ఫార్వర్డునకు కూడ ఆడుటకు కొన్ని నిమిషములు దొరకును. గోలుకీపరు స్థానము ఒక్కటే. చిత్తూరు జిల్లానుండి వచ్చిన ఏటిమర్పు రజని దేశమునకు దొరికిన దృఢచిత్తురాలగు గోలుకీపరు. 2024 జనవరిలో మస్కటులో జరిగిన అయిదుగురి హాకీ ప్రపంచ కప్పులో మన జట్టునకు నాయకురాలై ద్వితీయస్థానము తెచ్చెను. అట్టి యామెయే జాతీయ జట్టులో సవిత వెనుక ఏండ్లతరబడి వేచియుండవలసివచ్చెను. సవిత దోషమును కాదు, రజని దోషమును కాదు; అది ఆ స్థానముయొక్క స్వభావము. కనుక గోలుకీపరు బాలుడు పెద్దపేరుగల శిక్షణాలయమున మూడవవాడై కూర్చుండుటకంటె, చిన్నదైనను తానే మొదటివాడుగా నిలుచు జట్టును వెదకుకొనవలెను. ఫార్వర్డునకు మేము చెప్పినది వీనికి చెప్పము.

పిల్లలను పొరుగునకు పంపుట అవమానమని భావించువారు గచ్చిబౌలిలోనే యున్న మరియొక కట్టడమును చూడవలెను. పుల్లెల గోపీచంద్ 1990 దశకమున బెంగుళూరునకు పోయి ప్రకాశ్ పదుకొనె అకాడమీలో నేర్చుకొనెను; 2001లో ఆల్ ఇంగ్లండు గెలిచెను. తిరిగివచ్చి, 2003లో ప్రభుత్వమిచ్చిన అయిదెకరములలో, తన ఇల్లు తాకట్టుపెట్టియు, నిమ్మగడ్డ ప్రసాదు ఇచ్చిన 5 కోట్ల విరాళముతోను 2008నాటికి అకాడమీని నిలిపెను. పిమ్మట అమలాపురమునుండి సాత్విక్ సాయిరాజు వచ్చెను, గుంటూరునుండి శ్రీకాంతు వచ్చెను, ముంబైనుండి చిరాగ్ శెట్టి సైతము వచ్చెను. పోయినవాడు తిరిగిరాగా, దేశమే వానివద్దకు వచ్చినది. ఆ అకాడమీకిని ఎవరును కట్టుబానిసలు కారు. సైనా నెహ్వాల్ 2014లో బెంగుళూరునకు వెడలి, 2015లో ప్రపంచమున ప్రథమస్థానమెక్కి, 2017లో మరల గచ్చిబౌలికి వచ్చెను. వెళ్లుటకొక కాలము, వచ్చుటకొక కాలము. హాకీలో మనకు లోపించినది వెళ్లుట కాదు. తిరిగివచ్చుటకు నిలువ నీడ లేదు, అదియే లోపము.

తెలంగాణ ప్రభుత్వము 2025లో నూతన క్రీడావిధానమును ప్రకటించెను. ఆ యేడే నవంబరు డిసెంబరులలో తమిళనాడు చెన్నై మధురలలో జూనియర్ల ప్రపంచ కప్పు జరిపెను; మన బాలురు కాంస్యము గెలిచిరి. ఉత్తరమున ఒడిశా, దక్షిణమున తమిళనాడు, నడుమ మనము. విధానపత్రములు చదువుటకు బాగున్నవి. హాకీ బాలుని తండ్రికి కావలసినది పత్రము కాదు, మూడు చిన్న ఏర్పాట్లు. ఒడిశాలో శిక్షణ పొందు తెలుగు బాలునికి భోజనవసతుల ఖర్చును, ఇంటరు పరీక్షలకు వచ్చిపోవు వీలును అతని రాష్ట్రము కల్పింపవలెను. అట్లు పోయినవాడు రాష్ట్రమునకు ద్రోహియని జిల్లా సంఘములు ముద్రవేయరాదు. జాతీయ పోటీలకు పిలిచినప్పుడు వచ్చి ఆడు హక్కు వానికి ఉండవలెను. మూడవది జట్టు యజమానులకు సంబంధించినది. నగరము పేరు వాడుకొనువారు, ఆ పేరునకు బదులుగా ఏటేట ఇద్దరు తెలుగు జూనియర్లను తీసికొని, అయిదు వారములే కాక సంవత్సరమంతయు వారి శిక్షణ భారము వహింతుమని వ్రాతమూలకముగా ఒప్పుకొనవలెను. ఇట్టి షరతు పెట్టుటకు చట్టము అక్కరలేదు. గచ్చిబౌలి మైదానమున జట్టు అభ్యాసమునకై యజమానులు ఎన్నడైన అనుమతి కోరినచో, ఆ దరఖాస్తు వెనుకనే ఈ ఒప్పందపు కాగితమును జతపరుప మనవచ్చును.