కరువు కథ, కరువు లెక్క

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఒక ఏడాది పట్టికలో ఆ అంకె నిండిందంటే కాగితం మీద అది కరువు సంవత్సరం కాదు. శనక్కాయ రైతు ఆ పట్టికను నమ్మడు. విత్తిన నలభై, నలభై అయిదు రోజులకు ఊడలు దిగుతాయి. సరిగ్గా ఆ వారాల్లో పదును లేక నేల బిగుసుకుపోతే ఊడ లోపలికి పోదు. సెప్టెంబరులో ఏ వాయుగుండం పుణ్యానో రెండు రోజులు కుండపోతగా కురిస్తే చెట్టు పచ్చబడుతుందే గాని, పీకి చూస్తే కాయ ఉండదు. లోటు తీరిందని పట్టిక అంటుంది. కట్టె పశువుల మేతకు తప్ప ఎందుకూ పనికిరాదని రైతు అంటాడు.

కరువు మీద వచ్చిన కథలనూ నవలలనూ ఒకవైపు, నివేదికలనూ వాస్తవ కథనాలనూ ఇంకోవైపు పెట్టి చదివేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లెక్కలు నివేదికలకు, కన్నీళ్లు కథలకు అని పంచేసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. ఆ పంపకం కుదరదు. లెక్క కూడా ఏడిపించగలదు. కథ కూడా లెక్క అడగగలదు. తేడా వేరేచోట ఉంది.

కథకు రోజులు తెలుసు. జూన్ పదును నుంచి సంక్రాంతి దాకా ఒక ఇంట్లోంచి ఏది ముందు పోతుందో, ఏది వెనక పోతుందో కథ వరసగా చూపగలదు. మొదట కమ్మలు, తర్వాత పాడి ఎనుము, ఆ తర్వాత కాడెద్దులు, ఆఖరికి ఆడపిల్ల చదువు. కమ్మలు కుదువకు పోయిన రోజు ఇంట్లో ఎవరూ నోరెత్తరు. ఎద్దులు సంతకు పోయిన రాత్రి మొగుడూ పెళ్లాల మధ్య మాట పెరుగుతుంది. రెండో బోరుకు ఎక్కడ అప్పు తెచ్చాడో భార్యకు చెప్పని భర్త, పుట్టింటి నుంచి తెచ్చుకున్న జొన్నల సంగతి అత్తకు తెలియనివ్వని కోడలు, సర్వేకి వచ్చిన మనిషి ముందు నోరు విప్పుతారా? వాళ్ల గుట్టు కథకుడికే దొరుకుతుంది.

రాయలసీమ కథ బలమంతా ఇక్కడే ఉంది. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' కావ్యమే అయినా అందులో రంగడు, గంగమ్మల సంసారం ఉంది. సింగమనేని నారాయణ సేద్యాన్ని 'జూదం' అన్నారు. కేతు విశ్వనాథరెడ్డి 'నమ్ముకున్న నేల' రాశారు. మధురాంతకం రాజారాం మొదలుకొని సీమ కథకుల్లో చాలామంది బడిపంతుళ్లు, అధ్యాపకులు. తాము రాసే మనుషుల మధ్యే వాళ్ల కాపురం. అప్పిచ్చిన షావుకారి పేరు, నాసిరకం విత్తనం అంటగట్టిన డీలరు పేరు ఉన్నదున్నట్టు రాస్తే ఆ ఊళ్లో మసలడం కష్టం. పేరు మార్చుకునే వెసులుబాటు కథ ఇచ్చింది. కల్పన అనుకుని మనం చదివినదాంట్లో ఎంతో భాగం మారుపేరుతో చెప్పిన సాక్ష్యమే.

కథకు ఒక బలహీనతా ఉంది. ఊరికే ఆకాశం వైపు చూస్తుంది. వాన రాలేదు, పంట పోయింది, మనిషి పోయాడు. పాఠకుడు నిట్టూర్చి పేజీ తిప్పుతాడు. దోషి మబ్బు గనక ఎవరినీ నిలదీయనక్కర్లేదు. వాస్తవ కథనం చేయాల్సిన మొదటి పని ఈ సౌకర్యాన్ని చెడగొట్టడం.

మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న 1876-78 క్షామాన్నే తీసుకోండి. మద్రాసులో పత్రికా సంపాదకుడిగా ఉన్న విలియం డిగ్బీ 1878లోనే దాని మీద రెండు సంపుటాలు రాశాడు. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని వైస్రాయ్ ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. అది మనిషిని నిలబెట్టదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఎదిరించి, పౌనున్నర కావాలని వాదించాడు. ఆ కాలంలోనూ దేశం నుంచి ధాన్యం ఎగుమతులు ఆగలేదు. ఈ నాలుగు ముక్కలు చదివాక ధాత కరువును ఒక్క వానదేవుడి ఖాతాలో రాయడం ఎవరి తరమూ కాదు.

నూరేళ్లు దాటాక విలేకరి పి. సాయినాథ్ చేసిందీ అదే. 1996లో పుస్తకంగా వచ్చిన 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్' మనల్ని ఒడిశాలోని కలహండికి తీసుకువెళుతుంది. దేశమంతటికీ ఆకలికి మారుపేరైన ఆ జిల్లాలో సగటు వాన అనంతపురం వానకు రెట్టింపు కంటే ఎక్కువ. కరువు నిధులు ఎటు పోతాయి, కాంట్రాక్టు ఎవరికి దక్కుతుంది, కరువు జిల్లా అన్న ముద్ర కోసం ఎవరు పాకులాడతారు అన్న ప్రశ్నలు అడిగితే తప్ప ఆ ఆకలి అర్థం కాదు. పాత్రల మీద ప్రేమ ఉన్న కథకుడు ఈ ఆరా మధ్యలో ఆపేస్తాడు. విలేకరి ఆపకూడదు.

అలాగని వాస్తవ కథనానికి అన్నీ కనిపిస్తాయనీ కాదు. కాగితం ఉన్నచోటే దానికి చూపు ఉంటుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 నంబరు జీవో ద్వారా, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. విచారణకు ఆర్డీవో, పోలీసు అధికారి, వ్యవసాయ అధికారి కలిసిన కమిటీ వేసింది. పాస్ పుస్తకం చూపండి, అప్పు పత్రాలు చూపండి అని అడుగుతారు. కౌలురైతుకు పాస్ పుస్తకం ఉండదు. భూమి తన పేరిట లేని ఆడమనిషి చస్తే రైతు చనిపోయినట్టే కాదు. చేబదులుకు పత్రం ఎక్కడిది? ఆ ఫైళ్ల మీదే ఆధారపడి రాసిన నివేదిక నిజాలే చెబుతూ సగం ఊరిని వదిలేస్తుంది. వదిలేసిన సగం మళ్లీ కథలోనే కనపడాలి.

రెండు పనులూ ఒకే చేత్తో చేసినవాడు అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్. 1936లో శాన్‌ఫ్రాన్సిస్కో న్యూస్ పత్రికకు కాలిఫోర్నియా వలస కూలీల గుడారాల మీద వరస వ్యాసాలు రాశాడు. 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నవల వచ్చింది 1939లో. వ్యాసాల్లో కూలి రేట్లు, గుడిసెలు, జబ్బులు, ప్రభుత్వం చేయాల్సిన పనులు ఉన్నాయి. నవలలో భూమి పోగొట్టుకుని వలసపోయే జోడ్ కుటుంబం ఉంది. ఆ నవలలో ఇల్లు కూల్చడానికి ట్రాక్టరు వస్తే, దీనికి నేను ఎవరిని కాల్చాలని కౌలుదారు అడుగుతాడు. డ్రైవరు నుంచి బ్యాంకు దాకా వెళ్లినా జవాబుదారీ మనిషి దొరకడు. ఆకాశాన్ని వదిలి దోషిని వెదకడం కల్పనకూ చేతనవునని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. గుడారాల్లో తిరిగి రాసిన వ్యాసాలు లేకుండా ఆ పేజీ వచ్చేదనుకోను. అయితే నవల చదివినవాళ్లు అమెరికాలోని దుమ్ము తుపాన్ల సీమ (డస్ట్ బౌల్) అంటే వలసేననుకున్నారు. ఊరు విడవకుండా అక్కడే దుమ్ము మింగి బతికినవాళ్ల చరిత్ర 2006లో తిమొతీ ఈగన్ రాసిన 'ది వర్స్ట్ హార్డ్ టైమ్'లో విస్తారంగా ఉంది. కథ చేసిన ఖాళీని అక్కడ వాస్తవ కథనం పూడ్చింది.

తెలుగులో కరువు కథలు పుష్కలం. వాస్తవ కథనాలు పుస్తకాలుగా వచ్చింది బహు తక్కువ. పత్రికల్లో వచ్చిన మంచి కథనాలు మర్నాటికి పొట్లాలవుతాయి. అవార్డులు కథకు, కవిత్వానికి, నవలకు. పాఠ్యపుస్తకాల్లో చోటూ వాటికే. గుంపు మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని వలసపోయిన పాలమూరు కూలీ లెక్కను కథకుడే రాయాలి, రుజువూ కథే ఇవ్వాలి అంటే కథ మీద మోయలేనంత బరువు పెట్టడమే. ఆ బరువు వల్లే మన కరువు కథలు కొన్ని కరపత్రాలయ్యాయి.

అందుకే ఈ పత్రిక కథకులను కోరేది ఒకటే. మీరు ఎరిగిన మండలం మీద పేర్లు, తేదీలు, రేట్లతో ఒక్క పుస్తకం రాయండి. బోరుబండి యజమానిని, బీమా ఏజెంటును, విత్తనాల డీలరును, తహసీల్దారును కూర్చోబెట్టి మాట్లాడించండి. యాస మీకు తెలుసు, అబద్ధం ఎక్కడ మొదలవుతుందో వినగల చెవి మీకుంది. విమర్శకులు ఆ పుస్తకాన్ని విలేకరి పని అని పక్కన పెట్టకుండా, నవలతో సమానంగా చర్చించాలి. అచ్చు వేసే పూచీ మాది.