స్టార్టరు డబ్బాలోకి నీరు చేరే దారి

వ్యవసాయ పంపుసెట్లపై మన చర్చలు ఎక్కువగా మోటారు సామర్థ్యం, నీటి విడుదల, విద్యుత్ వినియోగం చుట్టూనే తిరుగుతున్నాయి. బోరుబావి పక్కన గుంజకు బిగించిన స్టార్టరు డబ్బాలోకి కేబులు ఏ విధంగా ప్రవేశిస్తున్నదనే ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. వానాకాలంలో రైతు తడిచేతితో తాకేది మాత్రం ఆ డబ్బానే.

డబ్బాపై ఐపీ 55 అని ముద్రించి ఉంటే చాలుననుకోవడం పొరపాటు. ఇందులో మొదటి అంకె దుమ్ము నుండి, రెండవది నీటి నుండి లభించే రక్షణ స్థాయిని తెలుపుతుంది. ఏ దిశ నుండి నీటి ధార తగిలినా హాని కలగకూడదని రెండవ 5కు అర్థం. ఈ హామీ రంధ్రాలన్నీ సక్రమంగా మూసి ఉన్న డబ్బాకే వర్తిస్తుంది. పై అంచున కొత్త రంధ్రం చేసి, గ్లాండు బిగించక గుడ్డపీలిక కుక్కిన మరుక్షణం ఆ ముద్రకు విలువ లేదు.

కేబులు ఎప్పుడూ డబ్బా అడుగు నుండే రావాలి. ప్రవేశానికి ముందు దానిని కాస్త కిందికి వంచి వదిలితే, వెంట జారే నీరు వంపు వద్దనే రాలిపోతుంది. గ్లాండు ఎంపికలో మరొక చిక్కు ఉన్నది. సబ్‌మెర్సిబుల్ మోటారు కేబులు సాధారణంగా చదునుగా ఉంటుంది. గుండ్రని రబ్బరు వలయం దాని అంచుల వద్ద సందు వదులుతుంది. చదును కేబులుకు తగిన రబ్బరు అమర్చిన గ్లాండు వాడాలి. పల్లె దుకాణాల్లో అది దొరకదనే ఫిర్యాదులో నిజం లేకపోలేదు.

దీనికి భిన్నంగా, కొందరు ప్రతి కీలునూ సిలికానుతో మూసివేస్తారు. ఇది అతిజాగ్రత్త. భూమిలో నుండి వచ్చే కండ్యూటు పైపు తేమగాలిని పైకి తెస్తుంది. రాత్రి చల్లదనానికి అది డబ్బా లోపల నీటి బిందువులుగా మారుతుంది. కాబట్టి మూయవలసింది ఆ పైపు నోటిని. డబ్బా అట్టడుగున మాత్రం నీరు పోయేందుకు డ్రెయిన్ ప్లగ్గు ఉండాలి. విడిచిన రంధ్రమైతే చీమలు, బల్లులు చేరతాయి.

ఇవేవీ ఎర్తింగుకు ప్రత్యామ్నాయం కావు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతున్నదని దానిని తప్పించి నేరుగా కలపడం పొలాల్లో కనిపించే అలవాటు. తరచుగా అక్కడ దోషం పరికరానిది కాదు, తేమ చేరిన కీలుది.

కృషి విజ్ఞాన కేంద్రాల పంపుసెట్ల శిక్షణలో ఒక పూట దీనికి కేటాయించాలి. తొలకరికి ముందే, స్తంభం వద్ద సరఫరా నిలిపివేయించి, అర్హుడైన ఎలక్ట్రీషియనుచేత ఒక పాత డబ్బాను రైతుల ఎదుట విప్పించి, కేబులు మార్గాన్ని సరిచేయించి చూపాలి.