బీటిల్స్ నీడలో నలుగురు కుర్రాళ్ళు

"విత్ ఔట్ యూ" అనే ఇంగ్లీషు పాట మీరు వినే వుంటారు. పేరు తెలీకపోయినా, చరణం నెమ్మదిగా నడిచి నడిచి, పల్లవి దగ్గర ఒక్కసారి గొంతు పైకి లేచే ఆ వరస ఎక్కడో చెవిన పడే వుంటుంది. 1972లో హ్యారీ నిల్సన్ గొంతులో అది అమెరికాలో నాలుగు వారాలు, ఇంగ్లండులో ఐదు వారాలు మొదటి స్థానం వదల్లేదు. 1994లో మరయా కేరీ పాడితే ఇంగ్లండులో మళ్ళీ నంబర్ వన్! మరి రాసిందెవరు? అడిగి చూడండి, పదిమందిలో తొమ్మిదిమంది తెల్లమొహం వేస్తారు.

రాసినవాళ్ళు ఇద్దరు. పీట్ హామ్, టామ్ ఎవాన్స్. ఇద్దరిదీ బాడ్‌ఫింగర్ అనే బృందం. ఇద్దరూ ఆత్మహత్య చేసుకున్నారు.

ఈ వారం వాళ్ళ కథే. మన సినిమాల్లో విలన్ ఆఖరి రీల్లోనైనా పట్టుబడతాడు. ఇందులో ఆ ఆశ పెట్టుకోకండి.

వేల్స్‌లో స్వాన్సీ అనే రేవు పట్నం. అక్కడ 1960లలో "ది ఐవీస్" పేరుతో కొందరు కుర్రాళ్ళు వాయిస్తూ వుండేవారు. ఆ వూళ్ళో ఐవీ ప్లేస్ అని ఒక వీధి వుంది, పేరు అక్కణ్ణుంచి తీసుకున్నారు. పీట్ హామ్ గిటారు, మైక్ గిబ్బిన్స్ డ్రమ్ములు. 1967లో లివర్‌పూల్ నుంచి టామ్ ఎవాన్స్ వచ్చి కలిశాడు. బీటిల్స్ దగ్గర సామాన్లు మోసి, వ్యాను తోలి, అన్నీ తానై చూసుకునే మాల్ ఎవాన్స్ (టామ్‌కి చుట్టం కాడు లెండి) వీళ్ళ పాట విని మనసు పారేసుకున్నాడు. పట్టు వదలకుండా చెప్పగా చెప్పగా, 1968లో బీటిల్స్ సొంత కంపెనీ ఆపిల్ వీళ్ళని తీసుకుంది. ఎంత అదృష్టం! సంగీత దర్శకుడు కావాలని మద్రాసు రైలెక్కిన కుర్రాణ్ణి సాలూరు రాజేశ్వరరావు గారు పిలిచి పక్కన కూచోబెట్టుకున్నట్టు.

1969లో పీటర్ సెల్లర్స్, రింగో స్టార్ నటించిన "ది మ్యాజిక్ క్రిస్టియన్" సినిమాకి పాట కావాలి. పాల్ మెకార్ట్నీ "కమ్ అండ్ గెటిట్" రాసి, అన్ని వాయిద్యాలూ తానే వాయించి, గంటలోపే నమూనా రికార్డు చేసి వీళ్ళ చేతిలో పెట్టాడు. ఇలాగే వాయించండి, ఒక్క స్వరం మార్చొద్దు అన్నాడు. వాళ్ళు మార్చలేదు. పాట ఇంగ్లండులోనూ అమెరికాలోనూ మొదటి పదిలోకి వెళ్ళింది. పేరు బాడ్‌ఫింగర్ అయింది అప్పుడే. కొద్దిరోజులకి లివర్‌పూల్ కుర్రాడే ఇంకొకడు, జోయీ మొలండ్, చేరాడు.

అక్కణ్ణుంచి రెండేళ్ళు పట్టిందల్లా బంగారం. 1970లో "నో మ్యాటర్ వాట్". 1971లో జార్జ్ హారిసన్ దగ్గరుండి చేయించిన "డే ఆఫ్టర్ డే". అందులో ఏడ్చినట్టు సాగే గిటారు హారిసన్‌దీ, పీట్‌దీ. పియానో లియోన్ రస్సెల్. ఆ పాటొక్కటి చాలు, పీట్ హామ్ ఎంతటివాడో చెప్పడానికి. అదే సంవత్సరం ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం హారిసన్, మన పండిట్ రవిశంకర్ కలిసి కచేరీ పెట్టారు గదా. అందులో బాడ్‌ఫింగర్ నలుగురూ వున్నారు. హారిసన్ పక్కన నుంచుని గిటారు వాయించే సన్నపాటి మనిషే పీట్ హామ్. ఆ కచేరీ సినిమాగా వచ్చింది, దొరికితే చూడండి.

"విత్ ఔట్ యూ" సంగతి ఇంకా తమాషా. పీట్ దగ్గర చరణం వుంది, పల్లవి కుదర్లేదు. టామ్ దగ్గర పల్లవి వుంది, చరణం లేదు. రెండూ అతికించి 1970లో "నో డైస్" ఆల్బంలో ఓ మూల పడేశారు. సింగిల్‌గా కూడా విడుదల చెయ్యలేదు! నిల్సన్ ఎవరింట్లోనో పార్టీలో విని, బీటిల్స్ పాటే అనుకున్నాడట. నా అభిప్రాయం అడిగితే, నిల్సన్ పాడిందే గొప్ప. మొదటిది ఇంకా దుమ్ము దులపని విగ్రహంలా వుంటుంది.

ఇక డబ్బు సంగతి. 1970లో స్టాన్ పోలీ అనే అమెరికా వ్యాపారి వీళ్ళ వ్యవహారాలు చేపట్టాడు. వచ్చిన డబ్బంతా ఒక కంపెనీలోకి, అందులోంచి కుర్రాళ్ళకి జీతాలు. 1970 డిసెంబరు నుంచి 1971 అక్టోబరు దాకా లెక్క చూస్తే, ఒక్కొక్కరికి ముట్టింది ఆరు వేల నుంచి ఎనిమిది వేల చిల్లర డాలర్లు. పోలీ గారి కమీషన్? 75 వేల పైన! పైన హిట్టు మీద హిట్టు, ఇంట్లో చూస్తే అద్దెకి తడుముకోవడం. మిగతావాళ్ళు అనుమానపడ్డా పీట్ మాత్రం మనిషిని నమ్మాడు.

ఆపిల్ మూతపడే దశకొచ్చింది. వార్నర్ బ్రదర్స్‌తో దాదాపు ముప్ఫై లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది. కాగితం మీద. 1974లో "విష్ యూ వర్ హియర్" అనే చక్కటి ఆల్బం చేశారు (పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ అదే పేరు ఆల్బం ఆ మరుసటేడు వచ్చింది, రెంటికీ సంబంధం లేదు). ఇంతలో పోలీ దగ్గర బ్యాంకులో పూచీగా వుండాల్సిన సొమ్ము కనబడలేదని వార్నర్ వాళ్ళు కోర్టుకెక్కారు. ఏడు వారాలకే రికార్డు బజారు నుంచి వెనక్కి తీసేశారు. పత్రికలు మెచ్చుకున్నాయి, జనం కొనబోతే సరుకు లేదు. జీతాలూ ఆగిపోయాయి. పీట్ కొత్తగా ఇల్లు కొన్నాడు, ఇంట్లో ఆమె నిండు చూలాలు.

1975 ఏప్రిల్ 24న పీట్ హామ్ వెళ్ళిపోయాడు. ఇంకో మూడు రోజులకి ఇరవై ఎనిమిది నిండేవి. రాసిపెట్టిన చీటీలో పోలీ పేరుంది. కూతురు పుట్టింది ఓ నెల తర్వాత.

మిగిలినవాళ్ళు పొట్టకోసం పనుల్లో పడ్డారు. టామ్ పైపులకి తొడుగులు వేశాడు, జోయీ తివాచీలు పరిచాడు. మళ్ళీ కలిసి 1979లో, 1981లో రికార్డులు చేశారు గానీ కలిసిరాలేదు. చివరికి విడిపోయి ఎవరికి వారు బాడ్‌ఫింగర్ పేరుతోనే వేరువేరుగా తిరిగారు! "విత్ ఔట్ యూ" రాయల్టీ డబ్బు కోర్టు తగాదాల్లో చిక్కుకుపోయింది. అందులో ఎవరి వాటా ఎంతని జోయీతో ఫోన్లో గొడవపడ్డాక, 1983 నవంబరు 19న టామ్ కూడా పీట్ దారే పట్టాడు. ముప్ఫయ్యారేళ్ళు. ఆ చిక్కుముడి విడి సొమ్ము బయటికొచ్చింది 1985లో.

పోలీ 1991లో కాలిఫోర్నియాలో ఇంకో డబ్బు కేసులో అభియోగాలకి ఎదురు చెప్పనని కోర్టుతో అని ప్రొబేషన్‌తో బయటపడ్డాడు. 2009లో పోయాడు.

2017లో ఇళయరాజా తరఫున బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు వెళ్ళినప్పుడు "స్నేహితుల మధ్య ఈ రాయల్టీ గోలేమిటి" అని మనలో చాలామంది విసుక్కున్నారు. ఎవరిది ఒప్పో నేను తేల్చను. మన దేశంలో పాట రాసినవాడి రాయల్టీ వాటాని ఇంకొకరు పూర్తిగా రాయించుకోకూడదని చట్టం వచ్చింది 2012లో, అంతే చెప్తాను. అప్పటికి ఎందరు కవులు పోయారో!

2013 సెప్టెంబరులో "బ్రేకింగ్ బాడ్" అనే అమెరికా టీవీ సీరియల్ ఆఖరి దృశ్యంలో పీట్ రాసిన "బేబీ బ్లూ" వినిపించింది. అది 1972 నాటి పాట. మర్నాటికల్లా కుర్రకారు ఎగబడి కొన్నారు, నలభయ్యేళ్ళ పాట మళ్ళీ చార్టులకెక్కింది. అదే ఏడు స్వాన్సీలో పీట్ పేరిట నీలం ఫలకం పెట్టారు, ఐవీ ప్లేస్‌లోనే. మైక్ 2005లో, జోయీ 2025 మార్చిలో కన్నుమూశారు. ఆ నలుగురిలో ఇక ఎవరూ లేరు.

కొత్తగా వినేవాళ్ళు 1971 నాటి "స్ట్రెయిట్ అప్" ఆల్బంతో మొదలెట్టండి. "డే ఆఫ్టర్ డే", "బేబీ బ్లూ" రెండూ అందులోనే వున్నాయి.