జాబితాకెక్కని వీధులు

సికింద్రాబాదులో చిలకలగూడకు ఆనుకుని ఉన్న పద్మారావు నగర్ ఒకప్పటి బంగళాల పేట. దివాన్ బహదూర్ పద్మారావు ముదలియార్ పేరు దీనికి స్థిరపడినా, వాకర్ టౌన్ అనే పాత పేరు పెద్దవాళ్ల నోట ఇంకా వినిపిస్తుంది. స్కందగిరి సుబ్రహ్మణ్యస్వామి గుడి చుట్టూ తమిళ, తెలుగు కుటుంబాలు కలిసి బతికిన చోటు ఇది. ముందు వరండా, డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు, ప్రహరీ దాటి వీధిలోకి వంగిన మామిడి కొమ్మలు ఇక్కడి ఇళ్ల గుర్తులు. ఇలాంటి ఇల్లు ఒకటి కూలిన చోట స్టిల్టు మీద అయిదంతస్తుల అపార్టుమెంటు లేస్తుంది. కొన్నేళ్లకు పక్కిల్లూ అదే దారి పడుతుంది.

దీన్ని పాత ఇళ్లపై ప్రేమ లేకపోవడంగా చూడటం పొరపాటు. వెయ్యి గజాల బంగళాను నలుగురు వారసులు పంచుకోలేరు, పది ఫ్లాట్లయితే పంచుకోగలరు. ‘డెవలప్‌మెంటుకిచ్చారు’ అన్న మాట వెనుక ఉన్న లెక్క ఇదే. స్థలం ఇంటివారిది, పెట్టుబడి బిల్డరుది, కట్టిన ఫ్లాట్లలో ఇద్దరికీ వాటా. పైగా కారే మిద్దెను బాగుచేయడానికి సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. సిమెంటుతో అతుకు వేస్తే సున్నపు గోడ లోపలి తేమ బయటికి పోలేక పెచ్చులూడుతుంది. 2003లో గాంధీ ఆసుపత్రి ఈ పేటకు పక్కనే ఉన్న ముషీరాబాదు పాత జైలు స్థలానికి మారింది. 2020లో ఆసుపత్రి దగ్గరే మెట్రో స్టేషన్ తెరుచుకుంది. అద్దెకు ఇల్లు కావలసినవారు ఇంతమంది ఉన్నచోట ఒక్క కుటుంబం ఉన్న స్థలంలో పది కుటుంబాలు ఉండటం తప్పు కాదు. ఊరు పొలాల మీదికి పాకడం కంటే అదే మేలు కూడా.

తప్పు ఉంటే నిబంధనల్లో ఉంది. 2006లో హైదరాబాదు భవన నిబంధనలను సవరించినప్పుడు, స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఎత్తేశారు. ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం పరిమాణం, వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు కలిసి ఎత్తును తేల్చే పద్ధతి వచ్చింది. 2012 నిబంధనలూ అదే బాటలో నడిచాయి. వెడల్పైన వీధిలో విశాలమైన ఆవరణతో కట్టుకున్న ఇంటికి ఆ వెడల్పే, ఆ ఆవరణే ముప్పయ్యాయి. కూలగొడితే అందరికంటే ఎక్కువ లాభం దాని స్థలానికే. 2020లో వచ్చిన ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం టీఎస్ బీపాస్‌తో అయిదు వందల చదరపు మీటర్ల లోపు స్థలంలో, పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి దక్కింది. అంతకు మించినవాటికి గడువు ఇరవై ఒక్క రోజులు. లంచాలకు, ఆలస్యాలకు విసిగిన జనానికి అది పెద్ద ఊరటే. అయితే ఆ పరిశీలనంతా కట్టబోయే భవనం గురించే. ఆ స్థలంలో అప్పటికే ఉన్నదాని విలువ ఏమిటన్నది అందులో లెక్కకు రాదు.

వారసత్వ చట్టాల చూపు మరోవైపు. ముంబయి 1995లో వారసత్వ నిబంధనలు తెచ్చిన కొద్ది నెలలకే హైదరాబాదు పదమూడో రెగ్యులేషన్ తెచ్చింది. దాని జాబితాలోకి ప్రధానంగా ఎక్కినవి రాజభవనాలు, దేవిడీలు, ప్రార్థనా స్థలాలు, ఆ తర్వాత కొండరాళ్లు. జాబితాలో చేరిన ఇంటి యజమానికి ఆంక్షలు దక్కాయి గానీ మరమ్మతుకు డబ్బు దక్కలేదు. అందుకే తమ ఇంటిని జాబితా నుంచి తొలగించమని కోరినవారిని తప్పుబట్టలేం. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ రెగ్యులేషన్‌నే రద్దు చేసి, 2017లో కొత్త వారసత్వ చట్టం చేసింది. శాసనసభ కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ప్యాలెస్ నిలిచింది. అయితే కోర్టుకెక్కడానికి ప్యాలెస్‌కు ఉన్నపాటి పేరు పద్మారావు నగర్‌లోని వరండాకు ఉండదు. ఇక్కడ ఏ ఒక్క ఇల్లూ చారిత్రక కట్టడం కాకపోవచ్చు, పది ఇళ్లు వరసగా ఉన్నప్పుడే వాటికి విలువ.

ఇంగ్లండు 1967లో పరిరక్షణ ప్రాంతాల చట్టం చేసింది ఈ తేడా గ్రహించే. అది విడి భవనాన్ని వదిలి ప్రాంతం తీరును పట్టుకుంది. ప్రాంతమంతటికీ ఆంక్షలు ఉంటే ఏమవుతుందో కొద్ది మైళ్ల దూరంలోని సికింద్రాబాదు కంటోన్మెంటు చూపుతుంది. అక్కడి పాత బంగళాల్లో చాలావాటికి భూమి ప్రభుత్వానిది, కట్టడం మాత్రమే హక్కుదారుది. దాన్నే ఓల్డ్ గ్రాంట్ అంటారు. ఎత్తు మీద ఆంక్షలూ గట్టివే. అందువల్ల తిరుమలగిరి, బొల్లారం వైపు బంగళాలు మిగిలాయి. అమ్ముకోలేక, బాగుచేసుకోలేక వాటిలో కొన్ని శిథిలమూ అయ్యాయి. ఆంక్ష ఒక్కటే ఇంటిని నిలబెట్టదనడానికి ఇంతకంటే దగ్గరి రుజువు అక్కర్లేదు.

కావలసింది యజమాని లెక్కను మార్చే నిబంధన. న్యూయార్కులో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద టవరు కట్టకుండా ఆపడం చెల్లుతుందని 1978లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వాడుకోని నిర్మాణ హక్కును పక్క స్థలాలకు బదిలీ చేసుకునే వీలుండటం ఆ తీర్పులో ఒక ఆధారం. అలాంటి బదిలీ హక్కు, అంటే టీడీఆర్, మన నిబంధనల్లోనూ ఉంది. కానీ ఎక్కువగా వినిపించేది రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారి విషయంలోనే. గుర్తించిన వీధుల్లో బంగళా నిలిపినవారికీ దాన్ని ఇవ్వవచ్చు. ముందు ఇల్లు, చెట్లు ఉంచి పెరట్లో కొత్త అంతస్తులు లేపుకునేవారికి వెనుక సెట్‌బ్యాక్ సడలించవచ్చు. ఆసుపత్రి పక్కనే ఉంది కనుక పాత ఇల్లు క్లినిక్కుగా బతకడానికీ అవకాశం ఉంది. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ హైదరాబాదు శాఖ బాగా చూసుకున్న పాత కట్టడాలకు పురస్కారాలిస్తోంది. మంచి పనే, కానీ ఆ పురస్కారంతో ఆస్తి పన్ను తగ్గదు. కాబట్టి వార్డు స్థాయిలో మొదట జరగాల్సింది ఏ వీధిలో ఎన్ని బంగళాలు వరసగా మిగిలాయో సర్వే చేయించి, ఆ పటాన్ని భవన అనుమతుల పోర్టల్‌కు కలపడం. అప్పుడు కూల్చివేత దరఖాస్తు వచ్చినరోజే, టీడీఆర్ ఎంత వస్తుందో, పెరట్లో ఎంత కట్టుకోవచ్చో యజమానికి కాగితం మీద చూపవచ్చు. ఆ తర్వాత కూడా కూల్చాలనుకుంటే ఆ హక్కు వారికి ఉంటుంది.