స్క్రూజ్ మన లక్ష్మీపతి కాదు

‘ఎ క్రిస్మస్ కెరోల్’ (1843) అనగానే “ఓ, ‘అహ నా పెళ్ళంట’లో కోట లాంటి పిసినారి కథేగా!” అనేస్తారు. ఒళ్లు మండుతుంది. జంధ్యాల సినిమా (1987)లో లక్ష్మీపతి దగ్గర అరగుండు పడే పాట్లు మనకు నవ్వులాట. డికెన్స్ దగ్గర గుమాస్తా బాబ్ క్రాచిట్ చలి, వారానికి 15 షిల్లింగుల జీతం కథకి ఆయువుపట్టు.

అందుకే నా ఓటు 1992 నాటి మపెట్ల సినిమాకి. అందులో బాబ్ ఓ కప్పబొమ్మ. అయినా స్క్రూజ్‌గా మైకేల్ కెయిన్ ఎక్కడా వెకిలితనానికి పోడు, కప్ప పేదరికాన్ని కూడా నమ్మిస్తాడు. 2009లో జిమ్ క్యారీతో తీసినదాంట్లో నాకు మిగిలింది ఎగరడాలూ దూకడాలే.

తెలుగులో తీస్తే లండన్ సెట్ ఎందుకండీ? దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ చాలు. ఎల్బీనగర్ అద్దెగదిలో జబ్బుపిల్లాణ్ణి పెట్టుకుని, పండక్కి సెలవడగలేని గుమాస్తా చాలు. పిసినారిని చూసి నవ్వుకుందాం. ముందు అతని గుమాస్తా జీతమెంతో అడుగుదాం.