దూది నేర్పిన పాఠము

దూది నమ్మి గుడ్డను గొనుట యెట్టి వ్యాపారమో గుంటూరు సీమవారికి వేఱుగ జెప్పనక్కఱలేదు. ముడిసరకు మనది, యంత్రము పరులది, లాభమును పరులదే. నేడు ఫోను తెరలయందును, ఎండను విద్యుత్తుగ మార్చు పలకలయందును ఆ కథయే నడచుచున్నది. ఈ మాఱు మనము పంపుచున్నది దూది గాదు, చదివించిన బిడ్డలను.

ప్లాస్టిక్కు విద్యుత్తును బోనీయదని బడిలో జదివితిమి. 1977లో షిరకావా, మాక్‌డయర్మిడ్, హీగర్ పండితులు ఆ పాఠమును దిద్దిరి. పాలిఎసిటిలీనను పాలిమరునకు అయొడిను సోకింపగా నది లోహమువలె విద్యుత్తును బ్రవహింపజేసినది. 2000లో వారికి నోబెల్ బహుమానము లభించెను. 1990లో కేంబ్రిడ్జివారు అట్టి పాలిమరు పొరనుండి వెలుగును రప్పించిరి.

కలయికయే యిందలి కీలకము. ఎండ సోకినపుడు పాలిమరులో బుట్టు ఋణధన కణముల జంట, మిల్లీమీటరులో సుమారు లక్షవ వంతు సాగులోపలనే నశించును. ఆలోపల దానిని విడదీయు రెండవ పదార్థము తగులవలెను. అందుచే రెంటిని బడుగుపేకలవలె బెనవేసి, సిరావలె గరగించి, పలుచని పొరగ బూయుదురు. వెలుగునిచ్చు పొరలో పని తలక్రిందు: అచ్చట ఋణధనములు కలిసికొనవలెను. వేఱొక పాలిమరును గొలదిగ గలిపినచో వెలుగు రంగే మాఱును.

“సిలికాను పలకలు చౌకగ దొరకుచుండ నీ గొడవ యేల?” అని కొందఱు వాదింతురు. సిలికాను పాతికేండ్లు నిలుచుననుట నిజమే. ఈ పొరలకు గాలియు తేమయు శత్రువులనుటయు నిజమే. ప్రయోగశాలలలో వీని సామర్థ్యము నూటికి 19 పాళ్లు దాటినను, ఇండ్ల కప్పుల కింకను జేరలేదు. కాని యీ సాక్ష్యమంతయు మన పక్షమునదే! విద్య పక్వము గాకముందే ప్రవేశింపవలెను. పరుల పంట యింటికి వచ్చినపిదప మేల్కొనువాడు రైతు గాడు, కొనుగోలుదారు.

2015లో శ్రీసిటీలో ఫోనుల కూర్పు మొదలైనది, సంతోషమే. అయినను కూర్పు వేఱు, సృష్టి వేఱు. పరుల తెరను మన చేతులతో బిగించి స్వదేశి యనుట, లాంకషైరు గుడ్డకు చీరాలలో అంచు కుట్టి స్వదేశి యనుటయే.

హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఇట్టి సౌరఘటములపై పరిశోధన సాగుచున్నది. నాగార్జున విశ్వవిద్యాలయము 1976 నుండి మన ముంగిటనే యున్నది. ఆ రెంటికిని వారధిగ నొక ప్రయోగశాలను మిర్చి వర్తకులును, పత్తి మిల్లుల యజమానులును ఏల నెలకొల్పరాదు? సత్రములు గట్టించిన చేతులకు ఇది భారమా?

1921లో చీరాల ప్రజలు ఆత్మగౌరవమునకై యూరు విడిచి రామనగరమును గట్టుకొనిరి. నేడు మన బిడ్డలు తగిన పని లేక యూరు విడుచుచున్నారు. మొదటిది మనకు కీర్తి. రెండవది మనకు సిగ్గు.